నైట్ షిఫ్టుకి కరెంటెక్కడిది?

సోలార్ వస్తే బొగ్గు పోతుందా? పోతుంది, కానీ ఒక్క ప్యానెళ్లతో పోదు. రామగుండంలో ఎన్టీపీసీ 2022లో రిజర్వాయర్ నీళ్ల మీదే 100 మెగావాట్ల సోలార్ పెట్టింది. అక్కడి పాత బొగ్గు ప్లాంటు 2,600 మెగావాట్లు. పైగా నాచారం ఫ్యాక్టరీల్లో నైట్ షిఫ్టు, ఉప్పల్ ఇళ్లల్లో ఏసీలు మొదలయ్యేసరికి సూర్యుడు డ్యూటీ దిగిపోతాడు.

మనకి ఎండకి కొదవ లేదు, దాచుకోడానికే చోటు కావాలి. అది కొంత మన దగ్గరే ఉంది. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలోని 900 మెగావాట్ల టర్బైన్లు నీళ్లని తిరిగి పైకి తోడేలా కట్టినవే. పగలు సోలార్‌తో తోడి రాత్రి వదిలితే అదే మన బ్యాటరీ.

కాబట్టి కొత్త ప్లాంటు అన్నప్పుడల్లా "రాత్రికి ఎన్ని గంటలు దాస్తారు?" అని అడగాలి. సింగరేణి ఊళ్ల వాళ్లు మన క్లాసుల్లోనే ఉన్నారు. బొగ్గు ఆగితే వాళ్లింట్లో పనేంటన్నదీ అడగాలి.