అరంగుళం పానా

తిరుపతి, చిత్తూరు పట్టణాలలోని పాత మోటారు షెడ్లలో పనిముట్ల పెట్టె తెరిస్తే రెండు జాతుల పానాలు కనిపిస్తాయి. ఒక జాతి మీద 10, 12, 13 అనే మిల్లీమీటరు అంకెలు ఉంటాయి. రెండవ జాతి మీద 7/16, 1/2 అనే అంగుళపు భిన్నాలు ఉంటాయి. ఈ రెండవ వాటికి నేడు పని తక్కువ. అయినా వృద్ధులైన మేస్త్రీలు వాటిని పారవేయరు. అరంగుళమంటే 12.7 మిల్లీమీటర్లు. పన్నెండు పానా ఆ నట్టుకు ఎక్కదు. పదమూడు పానా వదులై జారుతుంది. రెండు మూడుసార్లు జారితే నట్టు అంచులు అరిగి గుండ్రమవుతాయి. భారతదేశం 1956 నాటి చట్టంతో మెట్రిక్ కొలతలను స్వీకరించినా, బ్రిటన్‌లో రూపుదిద్దుకొన్న కార్లు అంగుళాన్ని విడువలేదు. పాత కారుతో తొలి పేచీ కొలతతోనే మొదలవుతుంది.

బ్రిటిష్ స్పోర్ట్స్ కారు అనగానే ఇద్దరు మాత్రమే కూర్చోగల, పైకప్పు తొలగించగల చిన్న బండి స్ఫురిస్తుంది. రాయలసీమ దారులలో అటువంటివి అరుదు. కాని వాటిలో ఒకదానికి తోబుట్టువు ఈ సీమకు మూడు నాలుగు గంటల దూరంలోనే తయారైంది. 1959లో బ్రిటన్‌లో విడుదలైన ట్రయంఫ్ హెరాల్డ్ కారును మద్రాసు శివార్లలోని స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ సంస్థ 1961 నుంచి 1971 వరకు 'స్టాండర్డ్ హెరాల్డ్' పేరుతో నిర్మించింది. ఆ హెరాల్డ్ చట్రాన్నే కురచచేసి ట్రయంఫ్ సంస్థ 1962లో స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారును తెచ్చింది. రెండింటి రూపకర్తా ఇటలీ దేశీయుడైన మికెలొట్టియే. కనుక హెరాల్డును విప్పి బిగించిన చేతికి స్పిట్‌ఫైర్ పరాయిది కాదు.

ఈ కారు పుట్టుకలో ఒక విశేషమున్నది. ట్రయంఫ్ సంస్థకు కారు పైభాగాలను అందించే కర్మాగారం ప్రత్యర్థి సంస్థ వశమైంది. గత్యంతరం లేక వేర్వేరు చోట్ల ముక్కలుగా చేయించి, వాటిని విడి చట్రంపై బోల్టులతో బిగించవలసి వచ్చింది. తయారీదారుకు కలిగిన ఈ ఇబ్బంది మెకానిక్కు పాలిట వరమైంది. ముందు రెక్కలతో సహా బానెట్ మొత్తం ముందుకు వంగుతుంది. ముందు చక్రం మీదనే కూర్చొని ఇంజను పని చేసుకోవచ్చు. దాచిన భాగమంటూ దాదాపు ఏదీ ఉండదు.

అయినా ఆ బండి సతాయింపులు తక్కువవేమీ కావు. చల్లని దేశం కోసం పుట్టిన ఇంజనుకు రేణిగుంట ఎండలు సరిపడవు. గొట్టంలోని పెట్రోలు ఆవిరై సరఫరా ఆగిపోతుంది. అప్పుడు పంపు మీద తడిగుడ్డ కప్పి, దారిపక్క చెట్టు నీడన వేచి ఉండటమే వైద్యం. ఆనాటి బ్రిటిష్ కార్లలో చాలావాటికి బ్యాటరీ ధన ధ్రువాన్ని కారు ఒంటికి కలిపేవారు. నేటి కార్లకు ఋణ ధ్రువాన్ని కలుపుతారు. ఆ సంగతి తెలియని యువకుడు వైర్లు తారుమారు చేస్తే తిప్పలే. స్టాండర్డ్ సంస్థ 1988లో ఉత్పత్తి ఆపివేసింది. కావలసిన భాగం కోసం చెన్నైలోని పుదుపేట పాత సామాన్ల బజారంతా గాలించాలి; దొరకకుంటే లేత్ మీద కొత్తగా తీయించాలి.

అన్నిటికన్నా విసిగించేది వేడికి మాత్రమే తలెత్తే లోపం. ఉదయం చక్కగా నడిచిన కారు మధ్యాహ్నం ఆగిపోతుంది. కార్బొరేటరు విప్పి కడుగుతారు, ప్లగ్గులు మారుస్తారు, పాయింట్ల మధ్య ఎడాన్ని 0.015 అంగుళానికి సరిచేస్తారు. ఈలోగా ఇంజను చల్లబడి, కారు తనంత తానే కదులుతుంది. మేస్త్రీ తన పని ఫలించిందనుకొంటాడు. మరునాటి మధ్యాహ్నం మళ్లీ అదే కథ. చివరకు వేడెక్కినప్పుడు మాత్రమే పనిమానే చిన్న కండెన్సర్ దోషి అని తేలుతుంది. వస్తువు వెల స్వల్పం, పట్టిన కాలం మూడు రోజులు. అయితే ఆ మూడు రోజులలో ఇంజనులోని ప్రతి భాగం ఏం చేస్తుందో, ఎందుకు చేస్తుందో శిష్యుడికి తేటతెల్లమవుతుంది. పాత కారు ఇచ్చే ఆనందమంతా ఇక్కడే ఉన్నది.

ఇదంతా ధనికుల వ్యామోహమనే విమర్శ లేకపోలేదు. అందులో కొంత నిజమున్నది. ఆ కార్లు పొగ చిమ్ముతాయి. మలుపులో వేగంగా పోతూ హఠాత్తుగా యాక్సిలరేటర్ వదిలితే హెరాల్డ్ వెనుక చక్రాలు లోపలికి ముడుచుకొనే ప్రమాదమున్నది. వాటిని నిత్యం రోడ్డెక్కించమని కోరడం అవివేకం. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన నిబంధనలు యాభై ఏళ్లు దాటి, మూల రూపం చెడని వాహనాలను ప్రత్యేకంగా నమోదు చేసుకొనే వీలు కల్పిస్తూనే, నిత్య ప్రయాణానికీ వాణిజ్యానికీ వాడరాదన్నాయి. అది సమంజసమే. కాని చట్టం ఇనుమును కాపాడింది. దానిని బాగుచేయగల చేతి ఊసెత్తలేదు.

సత్యవేడు సమీపంలోని శ్రీసిటీలో 2016లో ఇసుజు కర్మాగారం ప్రారంభమైంది. ఇటువంటి చోట పని ఆశించే యువకులకు పాత కారుతో ఏం పని అని అడగవచ్చు. కొత్త కారుకు స్కానరు తగిలిస్తే లోపం సంకేత సంఖ్య తెర మీద కనిపిస్తుంది. అయితే ఆ సంఖ్య వెనుక తెగిన తీగ ఉన్నదో, తుప్పుపట్టిన ఎర్తు ఉన్నదో స్కానరు అన్నివేళలా చెప్పలేదు. అది కనుగొనేది వరుసగా ఒక్కొక్క అనుమానాన్నీ తీర్చుకొనే బుద్ధి. మూత తీయగానే సర్వమూ కంటికి కనిపించే హెరాల్డ్ వంటి కారు కన్నా ఆ బుద్ధికి మంచి పలక లేదు. ఈ ప్రాంతపు ఐటీఐలు, పాలిటెక్నిక్కులు తమ వర్క్‌షాపులో అటువంటి కారు ఒక్కటైనా ఉంచి, వారానికొక పూట అనుభవజ్ఞుడైన మేస్త్రీని గౌరవ వేతనంతో పిలిపించాలి. ఆయనకు పట్టా లేదన్న అభ్యంతరం అడ్డు రాకూడదు.

ఆలస్యానికి వ్యవధి లేదు. చివరి హెరాల్డ్ 1971లో తయారైంది. ఆనాడు పదహారేళ్ల ప్రాయంలో షెడ్డులో పానాలు అందించిన కుర్రవానికి ఇప్పుడు డెబ్బై ఏళ్లు.