జీపీఏ కాగితంతో భూమి సొంతం కాదు

చందానగర్ : ఒకప్పుడు ఎకరాల లెక్కన అమ్ముడైన ఇక్కడి భూమి నేడు గజాల లెక్కన అమ్ముడవుతోంది. గజం ధర పెరిగిన కొద్దీ కాగితాల తగాదాలూ పెరుగుతున్నాయి. ఈ తగాదాల్లో తరచు వినిపించే పేరు జీపీఏ. పాతవాళ్లు ముక్త్యారునామా అనేది దీన్నే.

ముక్త్యారునామా అంటే యజమాని తన తరఫున పని చేసిపెట్టమని మరొకరికి ఇచ్చే అధికారం మాత్రమే. కాపలాకు పెట్టిన మనిషిది పొలం అవుతుందా? వంద రూపాయలు, ఆపై విలువ గల స్థిరాస్తి అమ్మకానికి రిజిస్టరు దస్తావేజు ఉండాలని 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టమే చెబుతున్నది.

అయినా జనం ఈ దారి ఎందుకు పట్టారు? 1976లో పట్టణ భూపరిమితి చట్టం వచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో 2008లో రద్దయ్యేదాకా హైదరాబాదు చుట్టుపక్కల ఖాళీ జాగాల అమ్మకానికి చిక్కులుండేవి. దానికి స్టాంపు ఖర్చు మిగులుతుందన్న ఆశ తోడైంది. అగ్రిమెంటు, జీపీఏ రాయించుకుని జాగా కొన్నామనుకున్నారు.

చట్టం క్రమంగా బిగిసింది. ఉమ్మడి రాష్ట్రం చేసిన సవరణతో 1999 ఏప్రిల్ 1 నుంచి అమ్మకపు అగ్రిమెంట్లకూ రిజిస్ట్రేషన్ తప్పనిసరి అయింది. జీపీఏ అమ్మకాలతో హక్కు సంక్రమించదని సుప్రీంకోర్టు 2011 అక్టోబరు 11న తేల్చి చెప్పింది. కుటుంబ సభ్యులకు పని అప్పగించే ముక్త్యారునామాలకు, బిల్డర్లతో చేసుకునే నిజమైన డెవలప్‌మెంట్ ఒప్పందాలకు ఈ తీర్పు అడ్డు కాదని కూడా చెప్పింది. పాత కాగితాలున్న వారు రిజిస్టరు దస్తావేజు చేయించుకుని హక్కు పూర్తి చేసుకోవచ్చునన్నది.

ఆ పని యజమాని బతికుండగానే కావాలి. యజమాని మరణిస్తే మామూలు ముక్త్యారునామా చెల్లదు. పుచ్చుకున్న వ్యక్తికి ఆ ఆస్తిలోనే సొంత ప్రయోజనం ఉంటే చట్టం మినహాయింపు ఇస్తుంది గాని, దాన్ని రుజువు చేయడానికి కోర్టు మెట్లెక్కాలి. ఈలోగా వారసులు ఒకవైపు, కొన్నవారు మరొకవైపు నలిగిపోతారు. అమ్మి సొమ్ము చేసుకున్నవాడు మాత్రం నిశ్చింతగా ఉంటాడు.

అమెరికా, గల్ఫ్ దేశాల్లో ఉన్న పిల్లలు పంపే ముక్త్యారునామాల విషయంలోనూ జాగ్రత్త అవసరం. అక్కడి నోటరీ ఎదుట గాని, భారత కాన్సులేట్‌లో గాని సంతకం చేయాలి. కాగితం ఇక్కడికి చేరిన 3 నెలల్లోగా స్టాంపు వేయించాలి.

తమిళనాడులో ముక్త్యారు పుచ్చుకున్నవారు ఆస్తి అమ్మేటప్పుడు యజమాని జీవించి ఉన్నట్టు వైద్యుని ధ్రువపత్రం చూపే పద్ధతి ఉన్నది. అటువంటి తనిఖీ ఇక్కడా ప్రతి రిజిస్ట్రేషన్ ఆఫీసులో కచ్చితంగా జరగాలి. రద్దయిన జీపీఏల వివరాలు కొనుగోలుదారుకు అడగ్గానే తెలియాలి. తెలుగులో పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టడానికి ఖర్చెంత?

ప్రజలూ మేలుకోవాలి. అధికారం దేనికి ఇస్తున్నారో, అందులో అమ్మే హక్కు ఉందో లేదో చదివించుకోకుండా వేలిముద్ర వేయరాదు. కొనేవారు అసలు యజమానిని కళ్లారా చూడనిదే బయానా ఇవ్వరాదు. స్టాంపు ఖర్చుకు వెనుకాడితే జాగాయే పోగొట్టుకోవలసి వస్తుంది.