రొమ్ముల భారం తగ్గించుకోవడం సోకు కాదు

మెడ నొప్పి, వీపు నొప్పి అంటూ విజయవాడలో నా ఫిజియోథెరపీ క్లినిక్‌కి వచ్చే ఆడవాళ్లలో కొందరి భుజాలు తడిమితే, బ్రా పట్టీ దిగిన చోట వేలు పట్టేంత గాడి తగులుతుంది. రొమ్ముల కింద చర్మం ఒరుసుకుపోయి ఎండాకాలంలో పుండు పడుతుంది. అక్కడ పౌడరు అద్ది, మెత్తటి గుడ్డ మడతపెట్టుకుని ఉద్యోగాలకు వెళ్తుంటారు. నేను నేర్పే వ్యాయామాలతో నొప్పి కాస్త తగ్గుతుంది గానీ భారం అలాగే ఉంటుంది.

ఆ భారం తగ్గించే ఆపరేషన్ ఉంది. దాని పేరెత్తితే ఇంట్లో వాళ్లు "ఈ వయసులో సోకులేంటి?" అంటారు. లేదంటే "ముందు ఒళ్లు తగ్గించు" అంటారు. రొమ్ములో కొవ్వు ఎక్కువున్నవాళ్లకు ఒళ్లు తగ్గితే కొంత ఫలితం ఉంటుంది. గ్రంథి కణజాలం ఎక్కువున్నవాళ్లకు ఎంత చిక్కినా పెద్ద తేడా రాదు. నొప్పితో వచ్చిన మనిషిని సోకులమారిగా చూడటం అన్యాయం.

అలాగని తొందరపడి బల్లెక్కమని చెప్పను. పూర్తి మత్తిచ్చి, సాధారణంగా రెండు నుంచి నాలుగు గంటలు చేసే ఆపరేషన్ ఇది. చనుమొన చుట్టూ, అక్కడి నుంచి నిలువుగా కిందికి, చాలామందికి రొమ్ము కింది మడతలో అడ్డంగా కూడా కోత పెడతారు. మచ్చల రంగు క్రమంగా తగ్గుతుంది కానీ అవి పూర్తిగా పోవు. చనుమొనలో స్పర్శ తగ్గొచ్చు, ఒక్కోసారి పోవచ్చు. తర్వాత పుట్టే బిడ్డకు పాలు చాలకపోవచ్చు.

"పాల సంగతి డాక్టరుగారిని అడగాలంటే సిగ్గేసింది మేడమ్" అంది ఒకమ్మాయి. "కాగితం మీద రాసుకెళ్లి చదువమ్మా" అన్నాను. అందరికీ అదే చెబుతాను. సర్జన్‌కు ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ గానీ డీఎన్‌బీ గానీ ఉందా? నాకు ఏ కోత, ఎందుకు? ముందుగా మామోగ్రామ్ అవసరమా? తీసిన కణజాలాన్ని బయాప్సీకి పంపుతారా? ఇవన్నీ అడగండి. షుగర్ ఉన్నా, ఆస్పిరిన్ లాంటి మాత్రలు వాడుతున్నా దాచకండి. పొగతాగే అలవాటుంటే కొన్ని వారాల ముందే మానాలి. నికోటిన్ రక్తనాళాలను కుదించేస్తే గాయం మానదు, చనుమొనకే ప్రమాదం.

ఇంటికొచ్చాక సుమారు ఆరు వారాలు నీళ్ల బకెట్, గ్యాస్ బండ ఎత్తకూడదు, పిల్లల్ని చంకనేసుకోకూడదు. పని అందుకునే మనిషి ఎవరో ముందే తేల్చుకోండి. కోతలు కలిసే చోట గాయం ఆలస్యంగా మానడం మామూలే. అయితే జ్వరమొచ్చినా, చీము కారినా, చనుమొన నల్లబడినా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లండి.

ఇక ఖర్చు. సౌందర్య, ప్లాస్టిక్ సర్జరీలకు ఆరోగ్య బీమా వర్తించదన్నది బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ పెట్టిన ప్రామాణిక మినహాయింపు. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత చేసే పునర్నిర్మాణానికి సడలింపు ఉంది. వైద్యపరంగా తప్పనిసరైన చికిత్సకూ ఉంది గానీ, అందుకు ఆరోగ్యానికి "ప్రత్యక్ష, తక్షణ ముప్పు" ఉందని డాక్టరు ధ్రువీకరించాలి. ఏళ్ల తరబడి తినేసే నొప్పిని తక్షణ ముప్పని ఎలా నిరూపిస్తారు? ఈ నిబంధన మారాలి. మానని పుండు, వంగిన వీపు, తిమ్మిరెక్కే చేతులు వైద్యుల రికార్డుల్లో ఉంటే ఈ ఆపరేషన్‌కు బీమా ఇవ్వాలి. అంతవరకు ప్రతి చీటీ, ప్రతి ఫొటో దాచిపెట్టుకోండి. క్లెయిమ్ తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి, బీమా అంబుడ్స్‌మన్ దాకా వెళ్లండి.