నీడయు నిలుకడయు

శిష్యుడు తనంత తాను చదువుకొనగలిగిన నాడే గురువు శ్రమ ఫలించును. పేదలకు చేయు సాయమునకును ఇదియే పరీక్ష.

అమెరికాలో ప్రభుత్వ సహాయము గల యిండ్లలోని కుటుంబము సాధారణముగా తన ఆదాయములో దాదాపు 30 శాతము అద్దె చెల్లించును. సంపాదన పెరిగినచో అద్దెయు పెరుగును. కష్టించినందుకు ఇది జరిమానా వంటిదే.

ఈ చిక్కును తొలగించుటకు 1990లో అచ్చట కుటుంబ స్వావలంబన పథకము శాసనబద్ధమైనది. ఇందు చేరిన కుటుంబము, సంపాదన వలన హెచ్చిన అద్దెను చెల్లించినను, ఆ హెచ్చుదలకు దీటైన సొమ్ము వారి పేర నిలువ చేయబడును. సాధారణముగా అయిదేండ్ల ఒప్పందము నెరవేరి, నగదు భృతి అక్కఱ తీరిన పిమ్మట ఆ మొత్తము వారి చేతికి వచ్చును.

నీడ నిచ్చుట ధర్మమే. కాని పెరిగిన కూలిలో పాలు గొను నీడ మనిషిని అచ్చటనే కట్టివేయును. ఆ పాలును తిరిగి యిచ్చు నీడ సొంత గడపకు దారి చూపును.