బటన్ నొక్కే మనిషిని అడిగారా?

1992 అక్టోబర్ 26, సోమవారం. లండన్ అంబులెన్స్ సర్వీసు కాగితాలు పక్కనపెట్టి పూర్తిగా కంప్యూటర్‌ను నమ్ముకున్న రోజు. అంతవరకూ ఫోన్ ఎత్తిన ఉద్యోగి అచ్చు ఫారంలో వివరాలు రాసుకుని, మ్యాపులో చోటు వెతికి, ఫారాన్ని కన్వేయర్ బెల్టు మీద వేసేవాడు. అవతల అది అందుకున్నవాళ్లు ఏ బండిని పంపాలో తేల్చేవారు. ఈ పనంతా కొత్త సాఫ్ట్‌వేర్ చూసుకుంటుందన్నారు.

చూసుకోలేదు. ఒకే చోటికి రెండు బండ్లు వెళ్లాయి, ఇంకోచోట సాయం కోసం గంటల తరబడి ఎదురుచూశారు. మర్నాడు మధ్యాహ్నానికే సగం పని మళ్లీ చేత్తో మొదలైంది. నవంబర్ 4 తెల్లవారుజామున సిస్టం మొత్తంగా ఆగిపోయింది.

ప్రోగ్రాంలో తప్పులున్న మాట నిజమే. కానీ 1993లో వచ్చిన విచారణ నివేదిక ఇంకో సంగతి తేల్చింది. అంబులెన్స్ సిబ్బంది పని తీరునే మార్చేసే ఈ సిస్టం గురించి ఆ సిబ్బందిని సంప్రదించింది చాలా తక్కువ. బండిలో ఒక చిన్న తెర, కొన్ని బటన్లు. బయల్దేరినప్పుడు ఒకటి, చేరినప్పుడు ఒకటి, ఆసుపత్రికి తిరిగినప్పుడు మరొకటి వరసగా నొక్కాలి. ప్రాణం మీదికి వచ్చిన మనిషిని స్ట్రెచర్ మీదికి ఎత్తుతున్నవాడికి ఆ వరస గుర్తుంటుందా? పైగా తమకు కేటాయించిన బండి కాక మరో బండి తీసుకెళ్లడం సిబ్బందికి మామూలే. రేడియో సిగ్నల్ అందని చోట్లూ ఉన్నాయి. కంప్యూటర్ మాత్రం ఏ బండి ఎక్కడుందో తనకు కచ్చితంగా తెలుసనుకుని లెక్కలు వేసింది. ఆ ప్రోగ్రాం రాసినవాళ్లు నాలుగు రోజులు డ్రైవర్ పక్కన కూర్చుని తిరిగుంటే ఇవన్నీ ముందే తెలిసేవి.

అదే సర్వీసు తర్వాత సిబ్బందిని కలుపుకుని మెట్టు మెట్టుగా కొత్త సిస్టం కట్టుకుంది. 1996లో అది పనిలోకి వచ్చింది, నిలబడింది.

అమెరికాలో క్రైస్లర్ కంపెనీ జీతాల సాఫ్ట్‌వేర్ కథ వేరు. 1996లో కెంట్ బెక్ అనే ప్రోగ్రామర్ ఆ ప్రాజెక్టును దారిలో పెట్టినప్పుడు, జీతాల లెక్క తెలిసిన మనిషిని ప్రోగ్రామర్ల గదిలోనే కూర్చోబెట్టారు. సందేహం వస్తే అప్పటికప్పుడే అడగడం, అప్పటికప్పుడే సరిదిద్దడం. 1997లో సుమారు పదివేల మందికి ఆ సాఫ్ట్‌వేర్‌తోనే జీతాలు వెళ్లాయి. అయితే కస్టమర్ వైపు భారమంతా ఒక్కరి మీదే పడింది. ఆ మనిషి తప్పుకున్నారు. 2000లో ప్రాజెక్టే ఆగింది. కస్టమర్‌ను పిలిస్తే చాలదు, ఆ మనిషికి తీరికా, వెనక యాజమాన్యం దన్నూ ఉండాలి.

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ పని చేసేవాళ్లకి ఈ బాధ కొత్త కాదు. క్లయింట్ రిక్వైర్‌మెంట్ల డాక్యుమెంటు మీద సంతకం పెట్టి మాయమవుతాడు. నెలల తర్వాత టెస్టింగ్‌కి వచ్చి ‘మేం అడిగింది ఇది కాదు’ అంటాడు. అక్కడి నుంచి చేంజ్ రిక్వెస్టులు, అదనపు బిల్లులు, మాటా మాటా. తప్పు ఒక్క క్లయింటుదే కాదు. సంతకం దొరికింది కదా అని మళ్లీ ఫోన్ చేయని టీములూ ఉన్నాయి. చెక్కు మీద సంతకం పెట్టే ఎండీ ఒక్కడే కస్టమర్ అనుకోవడం ఇద్దరూ కలిసి చేస్తున్న పొరపాటు.

ఆసుపత్రికో, స్కూలుకో, రైస్ మిల్లుకో సాఫ్ట్‌వేర్ చేయించుకోబోతున్నవారు రేటు మాట్లాడే ముందు ఒక్క పని చేయండి. రోజంతా కౌంటర్లో బిల్లులు కొట్టే మనిషికి వారానికి రెండు పూటలు ఖాళీ ఇచ్చి, మీ సాఫ్ట్‌వేర్ రాసే ప్రోగ్రామర్ల పక్కన కూర్చోబెట్టండి.