565 పేజీల్లో అసలు తీర్పు ఎంత?

2024 ఆగస్టు 1న ఎస్సీ వర్గీకరణపై సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం తీర్పు వెలువరించింది. ఆ తర్వాత చాలా రోజులు మన చర్చల్లో రెండు మాటలు జంటగా నడిచాయి. ఎస్సీలను వర్గీకరించే అధికారం రాష్ట్రాలకు ఉందన్నది ఒకటి. ఎస్సీ, ఎస్టీలకూ క్రీమీలేయర్ పెట్టాలని, అంటే వాళ్లలో మెరుగైన స్థితికి చేరినవారిని రిజర్వేషన్ల నుంచి మినహాయించాలని కోర్టు ఆదేశించిందన్నది రెండోది. మొదటిది నిజంగానే తీర్పు. రెండో దానికి ఆధారమైన మాటలు తీర్పు ప్రతిలో ఉన్నాయి, ఆదేశం మాత్రం లేదు. అయినా ఆ ప్రచారం ఎంత దూరం వెళ్లిందంటే, అంబేడ్కర్ ఇచ్చిన రాజ్యాంగంలో ఎస్సీ, ఎస్టీలకు క్రీమీలేయర్ లేదని ఆగస్టు 9న కేంద్ర మంత్రివర్గం ప్రకటించాల్సి వచ్చింది. ఆగస్టు 21 భారత్ బంద్‌లో పాల్గొన్నవారి అభ్యంతరాల్లో వర్గీకరణతోపాటు ఇదీ ఉంది.

తీర్పులు చదవడం లాయర్ల పని అని మిగతావాళ్లం పక్కకు తప్పుకోవడం వల్ల జరిగే నష్టం ఇలాగే ఉంటుంది. తీర్పు కష్టమైన పాఠ్యమే కానీ రహస్య శాస్త్రం కాదు. ప్రతి పేరా దగ్గరా రెండు సంగతులు కనుక్కుంటే చాలు: ఈ మాట ఎవరిది, ఏ ప్రశ్నకు జవాబుగా వచ్చింది? ఆ తీర్పునే ముందు పెట్టుకుని చూద్దాం. మన రెండు రాష్ట్రాల్లో ఇన్ని కుటుంబాల చదువులు, ఉద్యోగాలతో ముడిపడిన తీర్పు ఈమధ్య కాలంలో మరొకటి లేదు.

565 పేజీలు, ఆరు వేర్వేరు అభిప్రాయాలు. మొదటి పేజీ నుంచి వరసగా వెళ్తే ఎవరైనా మధ్యలోనే చేతులెత్తేస్తారు. ముందు వెతకాల్సింది ధర్మాసనం ముందుకు వచ్చిన ప్రశ్నను. ఆ ప్రశ్న పుట్టింది మన దగ్గరే. మాదిగ దండోరా ఉద్యమం ఒత్తిడి, రామచంద్రరాజు కమిషన్ నివేదికల దరిమిలా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2000లో చట్టం చేసి, ఎస్సీల 15 శాతం రిజర్వేషన్లను ఏ, బీ, సీ, డీ వర్గాలకు 1, 7, 6, 1 శాతంగా పంచింది. 2004లో ఈవీ చిన్నయ్య కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. రాజ్యాంగం 341వ అధికరణ కింద రాష్ట్రపతి నోటిఫై చేసిన జాబితాలోని కులాలన్నీ కలిసి ఒకే వర్గమని, దాన్ని విడదీసే అధికారం రాష్ట్రానికి లేదని ఆ తీర్పు సారాంశం. అదే తీర్పును ఆధారం చేసుకుని 2010లో పంజాబ్, హరియాణా హైకోర్టు వాల్మీకులకు, మజహబీ సిక్కులకు ప్రాధాన్యమిచ్చిన పంజాబ్ చట్ట నిబంధనను రద్దు చేసింది. పంజాబ్ అప్పీలుకు వెళ్లింది. 2020లో మరో అయిదుగురి ధర్మాసనం, చిన్నయ్య తీర్పును పునఃపరిశీలించాలంటూ ఏడుగురికి నివేదించింది.

కాబట్టి ఏడుగురి ముందున్న ప్రశ్న సూటిగా ఇదీ: ఎస్సీ జాబితా లోపల ఉపవర్గీకరణ చేయవచ్చా, చిన్నయ్య తీర్పు సరైనదేనా? ఇది గుర్తుంచుకుంటే మిగతా పేజీల్లో సగం చిక్కులు వాటంతటవే విడిపోతాయి.

తర్వాత చూడాల్సింది ఎవరు ఎటు ఉన్నారన్నది. ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ చంద్రచూడ్ తన తరఫున, జస్టిస్ మనోజ్ మిశ్రా తరఫున రాశారు. జస్టిస్ గవాయ్, జస్టిస్ విక్రమ్‌నాథ్, జస్టిస్ పంకజ్ మిత్తల్, జస్టిస్ సతీశ్ చంద్ర శర్మ విడివిడిగా రాసి, వర్గీకరణ చెల్లుతుందన్నారు. జస్టిస్ బేలా త్రివేది విభేదించారు. మొత్తం మీద 6-1. ఇక్కడ చాలామంది ఆగిపోతారు. ఆరుగురూ ఒకే ముగింపుకు వచ్చారంటే ఒకే దారిన వచ్చారని అర్థం కాదు. చట్టంగా నిలిచేది ముగింపూ, దానికి తప్పనిసరైన తర్కమూ మాత్రమే. న్యాయశాస్త్రంలో దాన్నే రేషియో అంటారు. దారిలో చెప్పిన మిగతా మాటలు ఓబిటర్. 1973 నాటి కేశవానంద భారతి కేసులో పదమూడుగురు న్యాయమూర్తులు పదకొండు తీర్పులు రాశారు. 7-6తో తేలిన ఆ కేసులో మెజారిటీ ఏమందో చెప్పడానికి తొమ్మిది మంది సంతకాలతో విడిగా ఒక సారాంశమే ఇవ్వాల్సి వచ్చింది. అది సరిపోతుందా లేదా అన్న వాదన ఇప్పటికీ సాగుతోంది. మెజారిటీని లెక్కించడం న్యాయమూర్తులకే అంత సులువు కాదన్నమాట.

ఇప్పుడు క్రీమీలేయర్ సంగతికి వద్దాం. ఎస్సీ, ఎస్టీల్లోనూ క్రీమీలేయర్‌ను గుర్తించే విధానం రాష్ట్రాలు రూపొందించాలని జస్టిస్ గవాయ్ రాశారు. జస్టిస్ విక్రమ్‌నాథ్, జస్టిస్ శర్మ ఆయనతో ఏకీభవించారు. జస్టిస్ మిత్తల్ ఇంకో అడుగు వేసి, రిజర్వేషన్ ఒక తరానికే పరిమితం కావాలన్నారు. జస్టిస్ చంద్రచూడ్ ఆ అంశం జోలికి పోలేదు. ఏడుగురిలో నలుగురు, అంటే మెజారిటీయే కదా అన్న వాదన బలమైనదే. 2018లో జర్నైల్‌సింగ్ కేసులో అయిదుగురి ధర్మాసనం పదోన్నతుల రిజర్వేషన్లలో ఎస్సీ, ఎస్టీలకు క్రీమీలేయర్ సూత్రాన్ని వర్తింపజేయవచ్చని చెప్పి ఉండటం దానికి తోడు. కానీ తలకాయలు లెక్కపెట్టాల్సింది అడిగిన ప్రశ్నకు వచ్చిన జవాబు మీద. క్రీమీలేయర్ ప్రశ్నను ఈ ధర్మాసనానికి ఎవరూ నివేదించలేదు, దాని మీద ఏ చట్టమూ వాళ్ల ముందు లేదు. దాన్ని తీసేసినా వర్గీకరణ మీద వాళ్ల ముగింపు చెక్కుచెదరదు. తీసేసినా తీర్పు నిలబడే మాట ఎంతమంది చెప్పినా వ్యాఖ్యే అవుతుందని నా అభిప్రాయం. అవతలి పక్షానికీ ఇదే కొలత పెట్టాలి. 1992 నాటి ఇంద్రా సాహ్నీ తీర్పులో క్రీమీలేయర్ చర్చకు ఎస్సీ, ఎస్టీలతో సంబంధం లేదన్న వాక్యాన్ని తిరుగులేని ఆధారంగా చూపేవారున్నారు. ఆ కేసు ఓబీసీల గురించి. ఆ వాక్యం కూడా దారిలో చెప్పిందే.

2025 జనవరిలో క్రీమీలేయర్ అమలు కోరుతూ ఒక పిటిషన్ వచ్చింది. విచారించిన ధర్మాసనానికి నాయకత్వం వహించింది జస్టిస్ గవాయే. తాము అభిప్రాయం చెప్పామని, చేయాలా వద్దా అన్నది చట్టసభలు, ప్రభుత్వాలు తేల్చుకోవాలని అంటూ దాన్ని స్వీకరించడానికి నిరాకరించారు. రాసిన చేతే అది ఆదేశం కాదని చెప్పాక ఇంకా తగువేముంది?

వాట్సాప్‌లో తిరిగే తీర్పు ముక్కలది మరో తంటా. తీర్పులో చాలా పేజీలు న్యాయవాదుల వాదనల సంగ్రహం. ఇంకొన్ని పేజీలు పాత తీర్పుల ఉటంకింపులు, అందులోనూ కొన్ని తోసిపుచ్చడానికే ఉటంకించినవి. జాబితాలోని కులాలన్నీ ఒకటే వర్గమన్న చిన్నయ్య తీర్పు తర్కం ఈ ప్రతిలో పేజీలకు పేజీలు చర్చకు వస్తుంది. ఆ భాగంలో ఒక పేరాను కత్తిరించి పంపితే, దాన్ని కొట్టేసిన కోర్టే ఆ మాట అన్నట్టు కనిపిస్తుంది. పేరాకు ముందు రెండు పేరాలు, వెనక రెండు పేరాలు చదవకుండా ఏ ముక్కనూ నమ్మకూడదు. లా రిపోర్టుల్లో పైన కనిపించే హెడ్‌నోట్ సంపాదకులు రాసింది, న్యాయమూర్తులది కాదు. విచారణలో నోటిమాటగా అన్నవి అసలు తీర్పే కావు. మన పత్రికలకు ‘మొట్టికాయలు’, ‘అక్షింతలు’ అన్న శీర్షికలంటే మక్కువ ఎక్కువ. నోటి వ్యాఖ్యలు న్యాయ రికార్డులో భాగం కావని, వాటిని రాసే స్వేచ్ఛ మాత్రం పత్రికలకు ఉందని 2021లో మద్రాసు హైకోర్టు వ్యాఖ్యల మీద ఎన్నికల సంఘం వేసిన కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మొట్టికాయ పడిన ప్రభుత్వమే చివరికి కేసు గెలిచిన సందర్భాలు తక్కువేమీ కాదు.

విభేదించిన తీర్పును చాలామంది ఓడిపోయిన పక్షమని దాటేస్తారు. నా మట్టుకు అది ముందు చదవాల్సిన భాగం. మెజారిటీ తర్కంలో నాజూకైన చోటు ఎక్కడుందో విభేదించిన న్యాయమూర్తి కన్నా బాగా ఎవరూ చూపించలేరు. జస్టిస్ త్రివేది వాదన 341వ అధికరణ రెండో క్లాజు మీద నిలబడింది. జాబితాలో కులాన్ని చేర్చాలన్నా తీసేయాలన్నా పార్లమెంటు చట్టమే చేయాలి. జాబితా లోపల కొందరికి ప్రాధాన్యమివ్వడం అంటే దొడ్డిదారిన జాబితాను మార్చడమేనని ఆమె అన్నారు. మెజారిటీ జవాబు: వర్గీకరణ వల్ల ఏ కులమూ జాబితాలోకి రాదు, బయటికీ పోదు. జాబితా ఎవరు ఎస్సీలో చెబుతుందే తప్ప వాళ్లంతా సమానంగా వెనకబడి ఉన్నారని చెప్పదు. 565 పేజీల పోరు ఈ రెండు వాక్యాల మధ్యే. ఒకటి పూర్తిగా తప్పని నేనననను. వర్గీకరణను సమర్థించేవాళ్లు కూడా ఆమె అభ్యంతరానికి జవాబు చెప్పగలిగాకే తీర్పు అర్థమైందనుకోవాలి. అత్యవసర పరిస్థితి నాటి హెబియస్ కార్పస్ కేసులో 1976లో జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే విభేదించారు. 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం నాటి మెజారిటీ తీర్పును తోసిపుచ్చింది.

ఇంత నిడివిగా రాయడం పాఠకుడి తప్పు కాదు, కోర్టు తప్పు. ఆరు అభిప్రాయాలిచ్చినప్పుడు అందరూ అంగీకరించిన అంశాలను రెండు పేజీల్లో సంతకాలతో చెప్పవచ్చు. అనువాదాలు కొంత మేలు. ఎంపిక చేసిన తీర్పులు తెలుగులోనూ వస్తున్నాయి, పాత తీర్పులు సుప్రీంకోర్టు ఆన్‌లైన్ వేదిక ఈ-ఎస్సీఆర్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. ప్రామాణికమైనది మాత్రం ఇంగ్లీషు ప్రతే.

గెలిచినవాళ్లు ఎక్కువగా దాటేసే భాగం ఒకటుంది. అది షరతులది. రాష్ట్రానికి అధికారం ఉందన్న వాక్యం పక్కనే, ప్రాధాన్యమిచ్చే ఉపవర్గానికి ప్రభుత్వ ఉద్యోగాల్లో తగినంత ప్రాతినిధ్యం లేదని లెక్కలతో చూపించాలన్న వాక్యం ఉంది. రాజకీయ అవసరం కోసం చేస్తే చెల్లదని, కోర్టులు సమీక్షించవచ్చని కూడా ఉంది. వంద శాతం సీట్లూ ఒకే ఉపవర్గానికి ఇచ్చి మిగతా కులాలను బయట పెట్టకూడదని జస్టిస్ గవాయ్ రాశారు. ఈ తీర్పు బలం మీదే తెలంగాణ జస్టిస్ షమీమ్ అఖ్తర్ కమిషన్ వేసి, మూడు గ్రూపులకు 1, 9, 5 శాతం చొప్పున పంచిన చట్టాన్ని 2025 ఏప్రిల్ 14 నుంచి అమల్లోకి తెచ్చింది. ఆంధ్రప్రదేశ్ అదే నెలలో రాజీవ్ రంజన్ మిశ్రా కమిషన్ నివేదిక తర్వాత 1, 6.5, 7.5 శాతంతో ఆర్డినెన్సు తెచ్చింది. ఈ అంకెలను సవాలు చేయాలనుకునేవారు అధికారం ఉందా అని అడగరు. ఆ ప్రశ్న ముగిసింది. ఈ శాతాలు తేల్చేనాటికి జనగణన చివరిసారి జరిగింది 2011లో. అందుకే ఏ ప్రభుత్వ శాఖలో ఏ కులం వాళ్లు ఎంతమంది ఉన్నారో, ఏ ఏడాది లెక్కతో ఈ శాతాలు తేల్చారో అడుగుతారు.