ఆకుకూర చవకే, తెంపే గంటే ఖరీదు

ఆదివారం పొద్దున ఏడింటికి నేనూ మా అమ్మాయీ నాలుగు సంచులు మడిచి చంకన పెట్టుకుని అమీర్‌పేటలో కూకట్‌పల్లి వైపు వెళ్లే బస్సెక్కుతాం. జీరో టికెట్ తీసుకుంటాం. ఎస్సార్ నగర్, ఈఎస్ఐ దాటాక ఎర్రగడ్డలో దిగి రైతుబజార్‌కు పోతాం. ధరల బోర్డు చదవడం అమ్మాయి పని. ఈ వారం ఏం వండుకోవాలో మేం ఇంట్లో అనుకుని రాము. ఏది విరగకాసిందో, ఏది దిగొచ్చిందో బోర్డు చెప్తుంది, దాన్ని బట్టి మా వంట. తొమ్మిదిన్నరకు మా ఆయన స్కూటర్ మీద వచ్చి బరువు సంచులు తీసుకెళ్తాడు. తేలికవి మేం మోసుకుంటూ బల్కంపేట ఇంటికి చేరతాం.

రెండేళ్ల కింద మా ఇంట్లో ఈ అలవాటు లేదు. అప్పుడు అత్తమ్మకు షుగర్ బాగా పెరిగింది. అన్నం తగ్గించండి, జొన్నరొట్టె పెట్టండి, ఆకుకూరలు, పప్పులు పెంచండి అని డాక్టర్ చెప్పాడు. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చే దారిలో మా ఆయన అన్న మాట నాకింకా చెవిలోనే ఉంది. "ఇవన్నీ పైసలున్నోళ్ల తిండి గదా, మనకెట్ల సాగుతది?" నేను పంజాగుట్టలో ఒక ఆఫీసులో లెక్కలు రాస్తాను. లెక్క చూడకుండా ఆ మాట ఒప్పుకోవడం నాకు చేతకాలేదు. అదే రోజు రెండు వందల పేజీల నోటుబుక్కు కొని, నెలరోజుల పాటు ఇంట్లోకి వచ్చిన ప్రతి తినే వస్తువూ రాశాను.

ఆ లెక్కను పోల్చుకోవడానికి కొలత దూరంగా ఏమీ లేదు, మన ఊళ్లోనే ఉంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో మన దేశ ప్రజలకు 17 ఆహార సూత్రాలు విడుదల చేసింది. రోజుకు ఒక మనిషి పళ్లెంలో ఏమేం ఉండాలో గ్రాములతో సహా చెప్పింది. బియ్యం, గోధుమ, జొన్నల వంటి ధాన్యాలు 250 గ్రాములు. కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు. పప్పులు, గుడ్లు, మాంసం వంటివి 85 గ్రాములు. పండ్లు 100 గ్రాములు, నూనెగింజలు, పల్లీల వంటివి 35 గ్రాములు, పాలో పెరుగో 300 మిల్లీలీటర్లు. మన దేశంలో మొత్తం రోగభారంలో 56.4 శాతం సరైన తిండి లేకపోవడం వల్లనే అని కూడా అదే చెప్పింది.

మా ఇంట్లో ఐదుగురం. 400 గ్రాముల లెక్కన రోజుకు రెండు కిలోల కూరగాయలు కావాలి, నెలకు 60 కిలోలు. నా నోటుబుక్కులో ఉన్నవి 30 కిలోలే. బియ్యం మాత్రం పాతిక కిలోల బస్తాలు రెండు. ధాన్యాలన్నీ కలిపినా మాకు నెలకు 37, 38 కిలోలు దాటకూడదు. అంటే కూర సగమే తింటూ అన్నంతో కడుపు నింపుకుంటున్నాం. ఈ రెండింటి కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది మూడో లెక్క. పాలలో కలిపే పొడి, పీచు ఉందని కొన్న బిస్కెట్లు, పండు బొమ్మ ఉన్న రసం డబ్బాలు, రుచులద్దిన ఓట్స్ ప్యాకెట్లు, ఇవన్నీ కలిపి నెలకు 1,850 రూపాయలు. పిల్లల ఒంటికి మంచిదని నమ్మి, నా చేత్తో నేనే కొన్నవి. అలాంటి పొడి పానీయాలను 'హెల్త్ డ్రింక్' పేరు కింద అమ్మొద్దని 2024 ఏప్రిల్‌లో కేంద్రం ఆన్‌లైన్ దుకాణాలకు చెప్పింది. పేపర్లో ఆ వార్త చదివిన రోజు వంటింట్లో ఆ డబ్బా వైపు చూసి నాకు కళ్లు చెమ్మగిల్లాయి.

మరుసటి నెల ఒక బస్తా బియ్యం మానేశాం. దాని బదులు పది కిలోల జొన్నలు, రాగులు వచ్చాయి. అక్కడ 800 మిగిలింది. డబ్బాలు, ప్యాకెట్లు ఆపేస్తే 1,850. కూరగాయలు రెట్టింపు చేస్తే పెరిగిన ఖర్చు 600 మాత్రమే. ముందు నెల 30 కిలోలను ఫోన్లోనూ ఇంటి ముందు బండి మీదా కిలో సగటున అరవైకి కొన్నాం, ఇప్పుడు 60 కిలోలు సగటున నలభైకి వచ్చాయి. గుడ్లు, శనగలు, బొబ్బర్లు, పల్లీలు, బెల్లానికి ఇంకో 700. అన్నీ తీసేస్తే నెలకు 1,350 రూపాయలు చేతిలో మిగిలాయి. మంచి తిండి డబ్బున్నోళ్లదన్న మాట మా ఇంటి మటుకు అబద్ధమని తేలింది.

రైతుబజార్లు మొదలైంది 1999 జనవరి 26న, ఉమ్మడి రాష్ట్రంలో. రైతు తెచ్చిన సరుకు నేరుగా కొనేవాళ్ల చేతిలో పడాలి, ధర హోల్‌సేల్ కన్నా ఎక్కువ, బయటి రిటైల్ కన్నా తక్కువ ఉండాలి, అది బోర్డు మీద రాసి ఉండాలి. పాతికేళ్లు దాటినా ఇంతకన్నా సూటి ఆలోచన ఇంకోటి నాకు కనపడలేదు. రైతుల పేరుతో దళారులు కూర్చుంటున్నారన్న ఫిర్యాదు చాలా చోట్ల వినిపిస్తుంది, దాన్ని అధికారులు పట్టించుకోవాలి. అయినా రాసిపెట్టిన ధర ఒకటి ఉన్నందువల్లే నాలాంటిది బేరమాడకుండా ధైర్యంగా సంచి చాపగలుగుతుంది.

అలాగని మా సందులో తోపుడు బండి పెద్దమ్మను వదులుకోలేదు. ఆలుగడ్డ, సొరకాయ, గుమ్మడి, క్యారెట్, ఉల్లి వంటి నిలవుండేవి ఎర్రగడ్డలో కొంటాం. రెండో రోజుకే వాడిపోయే పాలకూర, మెంతి, గంగవాయిలి ఆమె దగ్గర. "రేపటికి తోటకూర ఉంచుత బిడ్డా" అని ఆమె చెప్పి పెట్టే మాట, చివర్న కొసరుగా వేసే కరివేపాకు ఏ ఫోనూ ఇవ్వదు.

మిగిలిన పొదుపంతా అత్తమ్మ నేర్పిన విద్యే. బీరకాయ చెక్కు పారేయకుండా పచ్చడి చేస్తుంది. ముదిరిన తోటకూర కాడలు పులుసులోకి పోతాయి. గోరుచిక్కుడు, వంకాయ దిగొచ్చిన వారం ఎక్కువ కొని, కోసి మిద్దె మీద ఎండబెట్టి ఒరుగులు చేస్తుంది. 2023 జులైలో టమాటా కిలో వంద దాటినప్పుడు మా ఇరుగుపొరుగు తలపట్టుకుంటే ఆమె అన్నది, "టమాట రాకముందు మనోళ్లు పులుపు తినలేదా?" చుక్కకూర, గోంగూర, చింతపండుతో ఆ నెలంతా గడిపింది.

ఇక్కడి దాకా రాసి ఆపితే, ఇలాంటి సలహాల వ్యాసాలన్నీ చెప్పకుండా వదిలేసే విషయాన్నే నేనూ వదిలేసినట్టు అవుతుంది. మూడో నెలలో నేను జబ్బుపడ్డాను. ఒళ్లు నొప్పులు, నిద్ర లేదు, పిల్లల మీద అరవడం. మంచానపడ్డ రెండు రోజుల్లో మళ్లీ నోటుబుక్కు తీశాను. ఈసారి రూపాయలు కాదు, గంటలు రాశాను. ఆదివారం బజారుకు రెండున్నర. తెచ్చినవి ఏరి, కడిగి, ఆరబెట్టి సర్దడానికి ఒకటి. వారానికి మూడుసార్లు ఆకుకూర తెంపి, మట్టి పోయేదాకా కడగడానికి రెండు. నాలుగు రాత్రులు రొట్టెలు చేయడానికి మూడు. మొత్తం ఎనిమిదిన్నర గంటలు. ఆఫీసులో ఒక రోజు పూర్తి పని. ఆ పనంతా నా ఒక్కదాని పేరు మీదే ఉంది.

తోటకూర కట్ట చవకే. కానీ సాయంత్రం ఏడున్నరకు మెట్రో దిగి వచ్చిన మనిషికి దాన్ని తెంపే గంట చవక కాదు. ప్యాకెట్ అమ్మేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. వాళ్లు మనకు అమ్మేది తిండి కాదు, ఆ గంటను. అందుకే, తల్లులకు తెలియదు, పిల్లలకు చెత్త పెడతారు అని ఎవరన్నా అంటే నాకు కోపం వస్తుంది. తల్లులకు తెలుసు. వాళ్లకు లేనిది గంట.

అందుకని మా ఇంట్లో రెండు పనులు చేశాం. ఒకటి, ఆ గంటలను పంచుకున్నాం. మంగళవారం, గురువారం రాత్రి హాల్లో పాత పేపర్ పరిచి అందరం కూచుని ఆకు తెంపుతాం. ఐదో తరగతి చదివే మా బాబు చుక్కకూరకూ పాలకూరకూ తేడా నేర్చుకున్నది అక్కడే. మా ఆయన ఆకు కడుగుతాడు, పొద్దున శనగలు ఉడకేసి పిల్లల డబ్బాలు కడతాడు.

రెండోది, వారానికి రెండు రాత్రులు రొట్టెలు కొంటాం. సాయంత్రం అయితే మా రోడ్డు మలుపులో ఒకామె పొయ్యి పెట్టి జొన్నరొట్టెలు చేస్తుంది. ఒక్కోటి పదిహేను రూపాయలు, రాత్రికి ఆరు. నెలకు 720 దాకా అవుతుంది, అంటే మిగిల్చిన దాంట్లో సగానికి పైగా. సంతోషంగా ఇస్తాను. నా ఒంటి నొప్పుల్లోంచి మిగిలే రూపాయి నాకొద్దు. అదే డబ్బు ఎక్కడో ఉన్న కంపెనీకి పోయే బదులు కళ్ల ముందు పిండి తడిపే మనిషికి పోతోంది. ఆమెకు బతుకుదెరువు, మాకు వేడి రొట్టె.

కానీ ఇంట్లో నలుగురు చేతులు కలిపినా తీరని భాగం ఒకటి ఉంది. అది ఊరు చేయాల్సిన పని.

అమీర్‌పేటలో రెండు మెట్రో లైన్లు కలుస్తాయి. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా ఆ మెట్ల మీద నుంచి దిగే జనాన్ని చూడండి. ఆఫీసుల వాళ్లు, మైత్రీవనం చుట్టూ కోర్సులు నేర్చుకుంటూ గదుల్లో వండుకునే పిల్లలు, నిమ్స్‌లో రోగిని చూసి తిరిగి వస్తున్న చుట్టాలు. వీళ్లకు పొద్దున్నే ఎర్రగడ్డ దాకా పోయే తీరిక లేదు. సాయంత్రం పోతే మంచి సరుకు అప్పటికే అయిపోతుంది. జనం ఉన్న చోటికే, జనానికి వీలైన వేళకే రైతుబజార్ రావాలి. అమీర్‌పేటలో ఒకటి, పంజాగుట్టలో ఒకటి, సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది దాకా నడిచే చిన్న కౌంటర్లు చాలు. ధరల బోర్డు ఉండాలి. ఇప్పుడున్న బండ్ల వాళ్లను తరిమి కాకుండా, వాళ్లను కలుపుకుని పెట్టాలి. వీధి వ్యాపారులకు చోటు గుర్తించి ఇమ్మని 2014 నుంచి చట్టమే ఉంది. ఆ పక్కనే మహిళా సంఘాల వాళ్లు తెంపి కడిగిన ఆకుకూర, ఒలిచిన చిక్కుడు గింజలు, మొలకలు, జొన్నరొట్టెలు అమ్మితే, ఒక ఆడమనిషి గంట ఇంకో ఆడమనిషికి కూలీ అవుతుంది.

రెండో కోరిక రేషన్ గురించి. 2025 ఉగాదికి మన రాష్ట్రంలో సన్నబియ్యం మొదలుపెట్టారు, మనిషికి ఆరు కిలోలు. మా వీధి చివర ఇస్త్రీ బండి నడిపే ఆమె ఇంట్లో ఐదుగురికి 30 కిలోలు వస్తున్నాయి. "అక్కా, బియ్యం కొనే బాధ పోయింది, పప్పే పిరమైంది" అంటుంది. నిజమే, పళ్లెంలో బియ్యం నిండింది, పప్పు చోటు ఖాళీగా ఉంది. 2013లో అమ్మహస్తం పేరుతో తొమ్మిది సరుకులు 185 రూపాయలకు ఇచ్చినప్పుడు అందులో కందిపప్పు ఉండేది. 2022లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న తాండూరు కంది పండేది మన పక్కనే. ఆ పంటను ఇక్కడే కొని, కార్డుకు రెండు కిలోల పప్పు ఇస్తే రైతుకూ మేలు, ఆ ఇంటి పిల్లలకూ మేలు.

నిమ్స్ ముందు నుంచి రోజూ నడిచి ఆఫీసుకు పోతాను. గేటు దగ్గర బండ్ల మీద బత్తాయిలు, దానిమ్మలు, ఆపిల్స్. లోపల మంచం మీద ఉన్న మనిషి కోసం ధర అడగకుండా కొంటారు. ఆ పండు నాలుగేళ్ల ముందు, ఆరోగ్యంగా ఉన్నప్పుడు, జామకాయ రూపంలో ఇంటికి వచ్చి ఉంటే ఎంత బాగుండేదో అని ప్రతిసారీ అనుకుంటాను.

అత్తమ్మ షుగర్ ఇప్పుడు అదుపులో ఉంది. నా నోటుబుక్కులో రూపాయల గడి పక్కన ఇంకో గడి గీశాను: ఎవరు, ఎంతసేపు. మొదటి పేజీల్లో ఆ గడి నిండా నా పేరే. పోయిన నెల పేజీలో ఐదుగురి పేర్లూ, రొట్టెల ఆమె పేరూ ఉన్నాయి. ఇంకొక్క వరస ఖాళీగా పెట్టాను. అమీర్‌పేట మెట్ల కింద సాయంత్రం బజారు తెరుచుకున్న రోజున అందులో మా ఊరి పేరు రాసుకుంటాను.